లినోలియం మీద మా వదిన

రాతలో తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు నా దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా అన్నీ ఒక్కసారే రాలేదు. ఒత్తులు ఇప్పటికీ అప్పుడప్పుడూ నాగా పెడతాయి. రాయడం కూడా నెమ్మదే. ఒక పేజీ నిండేలోపు పొయ్యి మీది పాలు పొంగుతాయి. చదువుతుండగా ఎక్కడైనా మాట తెగినట్టు అనిపిస్తే, అక్కడ నేను పొయ్యి ఆర్పడానికి లేచానని అనుకోండి.

మా ఇంట్లో ఇద్దరం ఉంటాం, నేనూ మా వదినా. వదినంటే మా ఆయనకి అక్క. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైంది. ఆవిడ వీధిలోకి దిగితే కూరల కొట్టువాడు ఎవరూ అడక్కుండానే తక్కెడ తుడుచుకునేవాడు. మా ఆయన పోయాక ఆవిడ ఒక పెట్టె, రెండు పేము కుర్చీలు బండిలో వేయించుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి, "కుర్చీలు ఎక్కడ వేయించను?" అని అడిగింది. అంతే. ఉంటానని ఆవిడ చెప్పలేదు, ఉండమని నేను అడగలేదు.

అడగడం అనేది మా ఇంట్లో లేదు. వదినకి మంచినీళ్ళు కావాలంటే "ఈ గదిలో ఉక్కగా ఉంది" అంటుంది. నేను తెచ్చిస్తాను. రేడియో సౌండు తగ్గించాలంటే "పక్కవాళ్ళు పడుకున్నట్టున్నారు" అంటాను. ఆవిడ తగ్గిస్తుంది. ఇలా చాలా ఏళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయింది.

కుర్చీలు రెండూ కిటికీకి చెరో పక్కనా, ఎదురెదురుగా వేశాం. గదిలో నిలబడి కిటికీ వైపు చూస్తే ఎడమ పక్కది వదిన కుర్చీ. కుడి పక్కది నాది, ఎందుకంటే వంటింటి గుమ్మం అటే ఉంది. కుర్చీలు రెండూ ఒకేలా ఉంటాయి, అయినా ఒకరి కుర్చీలో ఇంకొకరం ఎప్పుడూ కూర్చోలేదు. పొద్దున్నే వదిన తన కుర్చీలో కూర్చుని పేపరు పైకి చదివేది. నేను నా కుర్చీలో కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠాణీలో, మరేవో ఒలుస్తూ వినేదాన్ని.

వదిన పేపరు చదివితే వినాలి. ఆవిడ చదువుతుంటే లోకంలో ఒక్క దొంగ కూడా మిగిలేవాడు కాదు. పాలలో నీళ్ళు కలిపినవాడు దొరికేవాడు. కట్టిన ఏడాదికే వంతెన బీటలు వారితే, కట్టినవాణ్ణి ఆ వంతెన మీదుగానే జైలుకి తీసుకెళ్ళేవాళ్ళు. "బాగా అయింది వెధవకి," అని వదిన పేజీ తిప్పేది. నేను నిశ్చింతగా ఇంకో కాయ ఒలిచేదాన్ని.

మా వీధి చివర రీడింగ్ రూములో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టినప్పుడు నన్ను అందులోకి తోసింది కూడా వదినే.

"బస్సు మీద ఏం రాసుందో పక్కవాణ్ణి అడుక్కునే ఖర్మ నీకేంటి? పో, నేర్చుకో."

"ఈ వయసులో నాకెందుకు వదినా?"

"వయసెక్కువైన వాళ్ళనే తప్పు బస్సు ఎక్కిస్తారు."

వెళ్ళాను. నేర్చుకున్నాను. కొన్నాళ్ళకి సబ్బు మీద రాసింది, అగ్గిపెట్టె మీద రాసింది, మేడ కింద బొత్తాల కొట్టు బోర్డు మీద రాసింది అన్నీ పైకి చదవడం మొదలుపెట్టాను. వదిన భరించింది. తర్వాత పేపరు దగ్గరికి వచ్చాను. గొడవ అక్కడొచ్చింది.

ఆ రోజు వదిన స్నానానికి వెళ్ళింది. పేపరు ఆవిడ కుర్చీలో ఉంది. 'గోడౌనులో సిమెంటు మాయం' అని పెద్ద హెడ్డింగు, దాని కింద సన్న అక్షరాల్లో వార్త. నిలబడే కూడబలుక్కుని చదివాను. దొంగలు పారిపోయారని, పోలీసులు వెతుకుతున్నారని ఉంది. పేపరు యథాస్థానంలో పెట్టి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. వదిన వచ్చింది, కళ్ళజోడు పెట్టుకుంది, పేపరు విప్పింది.

"గోడౌనులో సిమెంటు మాయం. ఊఁ... దొరికార్లే. లారీతో సహా దొరికారు. ఊరు దాటకుండానే పట్టేసుకున్నారు."

"దొరకలేదని రాసుంది కదా వదినా," అన్నాను.

పేపరు కదల్లేదు.

"ఎక్కడ రాసుంది?"

"కింద. సన్న అక్షరాల్లో."

"నువ్వు చదివావా?"

"చదివాను."

"మొత్తం?"

"రెండుసార్లు. మొదటిసారి అర్థం కాలేదు."

వదిన పేపరు నాలుగు మడతలు పెట్టి, లేచి వచ్చి నా పళ్ళెంలో బఠాణీల మీద పెట్టింది. "అయితే ఇక నువ్వే చదువుకో. ఇంట్లో ఇద్దరు చదివేవాళ్ళు దేనికి, కరెంటు దండగ," అంది. అప్పుడు పొద్దున్న. ఏ లైటూ వేసి లేదు. ఆ సంగతి నేను ఎత్తలేదు.

ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోను చేసింది. ఆవిడ నా చిన్న ఆడపడుచు, వేరే ఊళ్ళో ఉంటుంది. ఫోను పెట్టేశాక వదిన గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఈ మెట్లెక్కలేక నా మోకాళ్ళు అరిగిపోయాయి. చెల్లాయి ఇల్లు నేల మీదుంది."

"ఇళ్ళన్నీ నేల మీదే ఉంటాయి కదా వదినా."

"మనది మేడ మీదుంది," అంది. "ఆదివారం వాళ్ళబ్బాయి కారు తీసుకొస్తాడు."

మర్నాటి నుంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. ఉద్యోగంలో ఉండగా కొనుక్కున్న స్ప్రింగు కాటా ఒకటి ఆవిడ దగ్గర ఉంది. పెట్టెలో కొన్ని బట్టలు పెట్టడం, కాటాకి తగిలించి వేళ్ళతో ముల్లు ఎక్కడుందో తడిమి చూడడం, మళ్ళీ దించడం. కారులో పెట్టేదానికి తూకం ఎందుకని నేను అడగలేదు. ఇరవైనాలుగు గంటలూ ముఖం గంటు పెట్టుకున్న మనిషిని ఏమని అడుగుతాం?

ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఉన్నమాట ఇది. కానీ ఈ ముక్క నోటితో చెప్పే అలవాటు లేదని ముందే మనవి చేసుకున్నాను. నోరు తెరిచినప్పుడల్లా "పెట్టెకి తాడు కావాలా?" లాంటి మాటలే బయటికి వచ్చేవి. అందుకని ఒక చీటీ రాశాను. బడిలో పొందిగ్గా రాయమంటారు కాబట్టి పెన్సిలుతో సన్నగా, పొందిగ్గా, 'వదినా మీరు వెళ్ళకండి' అని రాసి ఆవిడ కళ్ళజోడు పక్కన పెట్టాను. వదిన చీటీ తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత దాన్ని బిళ్ళలా మడిచి, కదులుతున్న తన కుర్చీ కాలికింద పెట్టి, కూర్చుని చూసింది. కుర్చీ కదలడం మానింది. నా మాట మీద ఆవిడ అభిప్రాయం అదే కాబోలు అనుకున్నాను.

ఇక కార్డు ఒకటే మిగిలింది.

రీడింగ్ రూములో శనివారం మధ్యాహ్నం మాకు ఇంకో క్లాసు కూడా ఉంటుంది. అక్షరాలు వచ్చినవాళ్ళు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పంపాలి కదా అని, చేత్తో గ్రీటింగ్ కార్డులు అచ్చు వేయడం నేర్పుతారు. నేర్పేది రోలరమ్మ. సబ్బు లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో జీవితమంతా పనిచేసింది. రోలరమ్మ అని మేం పెట్టిన పేరే, ఆవిడ ఎదుటే అంటాం, పలుకుతుంది. అచ్చు వేయడానికి అరచేయంత లినోలియం ముక్కలు ఇస్తుంది. నేల మీద పరిచే పాత షీటే, కోస్తే వెన్నపూసలా తెగుతుంది. చలిగా ఉంటే కాసేపు ఎండలో పెట్టాలి, లేకపోతే పెంకులా చిట్లుతుంది.

"కోసేసింది తెల్లగా వస్తుంది, వదిలేసింది నల్లగా వస్తుంది," అని రోలరమ్మ ప్రతి శనివారం చెబుతుంది. "కోసింది మళ్ళీ అతకదు. ఎడమ చెయ్యి ఉలికి ఎదురుగా పెట్టకండి. పోయిన బ్యాచిలో ఒకాయన పెట్టాడు."

"ఏమైంది?" అన్నాడు నా పక్కన కూర్చునే బొత్తాల తాత. మా మేడ కింద కొట్టు ఆయనదే.

"ఇప్పుడు పెట్టడు," అంది రోలరమ్మ.

నేను వదిన సంగతి చెప్పాను. ఆదివారం వెళ్ళిపోతోందని, ఈ శనివారమే కార్డు అయిపోవాలని చెప్పాను. 'వదినా వెళ్ళకండి' అని కోస్తానన్నాను. రోలరమ్మ కాగితం మీద రాయించి చూసి పెదవి విరిచింది.

"ఆ ళకి ళవత్తు ఉంది చూడు, దాని పొట్టలో ఉలి తిరగదు. ముక్క లేచిపోతుంది. ఇంకో మాట చెప్పు."

"ఉండండి?"

"అది నయం. సున్నాలు జాగ్రత్త. అక్షరాలు లావుగా వెయ్యి, సన్నగా కోస్తే రోలరు కింద నలిగిపోతాయి."

"మీ వదిన నిజంగా వెళ్ళిపోతుందా?" అన్నాడు బొత్తాల తాత.

"పెట్టె తూకం కూడా అయిపోయింది."

"మరి ఆ మాటేదో నోటితో చెప్పొచ్చుగా, ఈ కోతలెందుకు?"

"నువ్వు మీ ఆవిడకి నోటితో చెప్పొచ్చుగా, ఆ క్యాబేజీ ఎందుకు?" అన్నాను.

"ఇది గులాబీ."

అందరం చూశాం. "పోన్లే, మా ఆవిడకి క్యాబేజీ కూడా ఇష్టమే," అని ఆయన మళ్ళీ తల వంచుకున్నాడు.

అక్షరాలంటే నాకు భయం. అచ్చులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది కాబట్టి అక్షరాలని ముందు పల్చటి కాగితం మీద తిన్నగా రాసి, కాగితాన్ని బోర్లా తిప్పి, వెనక నుంచి కనిపించే వంకర అక్షరాల్ని లినోలియం మీదికి దింపుకోవాలి. నేను వాటిని తిన్నగా నేర్చుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు అవే అక్షరాలు వీపు చూపిస్తూ నిలబడితే, బంధువుల పెళ్ళిలో ఎవరెవరో గుర్తుపట్టలేనట్టు అయిపోయింది. మూడు కాగితాలు పాడుచేశాను. నాలుగోదాన్ని రోలరమ్మ అద్దంలో పెట్టి చూసి సరే అంది.

అక్షరాల మీద పెట్టిన భయంలో కొంచెం బొమ్మకి కూడా మిగిల్చుకోవలసింది. మిగల్లేదు. బొమ్మని నేను కాగితం మీద గీయనే లేదు. మా కిటికీ, దానికి చెరో పక్కన కుర్చీ, ఎడమ కుర్చీలో పేపరు పట్టుకుని వదిన, కుడి కుర్చీలో పళ్ళెం పెట్టుకుని నేను. ఇంట్లో ఎలా ఉంటామో అలాగే, లినోలియం ముక్క మీదే నేరుగా పెన్సిలుతో గీసేశాను. బొమ్మే కదా, దానికి చదవడం ఏముంటుంది అనుకున్నాను. రోలరమ్మ అప్పుడు బొత్తాల తాత చొక్కాకి అంటిన సిరా తుడిచే పనిలో ఉంది.

ముఖాలు వేయడం నాకు రాదు. వదినకి కళ్ళజోడు పెట్టబోతే ముక్కు లేచిపోయింది. ముక్కు లేకుండా ఆవిడొక్కత్తినే ఉంచడం మర్యాద కాదని నా ముక్కు కూడా తీసేశాను. చివరికి ఇద్దరం కుర్చీల్లో కూలబడ్డ రెండు బస్తాల్లా తయారయ్యాం, తల మీద చెరో ముడి. ఒక బస్తా చేతిలో పేపరు, ఇంకో బస్తా ఒళ్ళో పళ్ళెం. తేడా అదొక్కటే.

కోత అయ్యాక ముక్కని మెత్తటి బ్రష్షుతో దులిపి, గాజుపలక మీద సిరా వేసి రోలరుతో పరిచాను. సిరా సరిగ్గా పరుచుకుంటే రోలరు కింద చప్పరిస్తున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చేదాకా రోలరమ్మ ఆపనివ్వదు. తర్వాత ముక్క మీద సిరా పట్టించి, దాని మీద కార్డు పరిచి, చెంచా వెనక భాగంతో మూలమూలా రుద్దాను. ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తుతుంటే అందరూ నా భుజాల మీదుగా చూస్తున్నారు.

'వదినా ఉండండి.' అక్షరాలు తిన్నగా ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, సున్నాలతో సహా.

"మన బ్యాచిలో ఇదే మొదటిసారి," అన్నాడు బొత్తాల తాత. ఆయన 'పుట్టినరోజు' తిరగబడింది. వాళ్ళావిడకి అద్దంతో పాటు ఇస్తానని అప్పటికే నిర్ణయించుకున్నాడు.

"వీళ్ళెవరు, బస్తాలా?" అంది రోలరమ్మ.

"మా వదినా, నేనూ."

"ఎవరు ఎవరు?"

"పేపరు ఉన్నది వదిన."

"బావుంది. సిరా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. చెయ్యి తగలనివ్వకు."

నాకు అంత టైము లేదు. కార్డుని ఒక అట్టపెట్టె మూత మీద పెట్టుకుని, నిండు గిన్నె మోస్తున్నట్టు వీధంతా నడిచి ఇంటికి వచ్చాను. నేను కూడా ఆ అక్షరాలనే చూసుకుంటూ వచ్చాను. బొమ్మ వైపు చూడలేదు.

వదిన పెట్టెకి తాడు కడుతోంది. నేను ఏమీ మాట్లాడకుండా కార్డుని కిటికీ గట్టు మీద, రెండు కుర్చీలకీ మధ్యలో నిలబెట్టి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు అటూ ఇటూ జరిపాను. కాసేపటికి తాడు చప్పుడు ఆగింది. గుమ్మం పక్క నుంచి చూశాను. వదిన కార్డు తీసుకుని, చెయ్యి చాచి, అంత దూరాన పట్టుకుని చూస్తోంది.

"ఇది మన కిటికీ."

"అవును వదినా."

"ఇవి నా కుర్చీలు."

"అవును."

"సిరా ఆరలేదు."

"రెండు మూడు రోజులు పడుతుందట."

వదిన వేలికి అంటిన నలుపు చూసుకుంది, మళ్ళీ కార్డు చూసింది. చాలాసేపు చూసింది.

"నా కుర్చీలో కూర్చుంది ఎవరు?"

ఇదేం ప్రశ్న అనుకుంటూ వచ్చి పక్కన నిలబడి చూశాను. ఎడమ పక్క కుర్చీలో, అంటే వదిన కుర్చీలో, పళ్ళెం పెట్టుకున్న బస్తా కూర్చుని ఉంది. కుడి పక్క, వంటింటి వైపు నా కుర్చీలో, పేపరు పట్టుకున్న బస్తా ఉంది. అక్షరాల్ని అన్ని తిప్పలు పడి తిప్పాను గానీ మమ్మల్నిద్దర్నీ తిప్పడం మరిచిపోయాను. నేను కోసింది తిన్నగా ఉంది కాబట్టి అచ్చు మమ్మల్ని తారుమారు చేసింది. ముక్కులు కూడా లేవు కాబట్టి ఎవరు ఎవరో కుర్చీల్ని బట్టి చెప్పుకోవలసిందే.

"అది... అచ్చులో..." అన్నాను.

"నా కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నది నేను. నీ కుర్చీలో కూర్చుని పేపరు చదివి వినిపిస్తున్నది నువ్వు. అంతేగా?"

పోయింది అనుకున్నాను. నువ్విక చదవక్కర్లేదు, వంటింటి పని చూసుకో అని అచ్చు వేయించి మరీ చేతికిచ్చినట్టయింది. కారు రేపటిదాకా ఆగక్కర్లేదు, ఈ పూటే పెట్టె నెత్తిన పెట్టుకుని బయల్దేరుతుంది అనుకున్నాను. రోలరమ్మని పిలుచుకొచ్చి అచ్చు అంటే ఏమిటో చెప్పించాలా అని కూడా అనుకున్నాను.

వదిన కార్డు పట్టుకునే తన కుర్చీలో కూర్చుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

ఏం తెలిసిందో నాకు తెలియదు. కానీ తూనికల ఇన్‌స్పెక్టరుతో ఇన్నేళ్ళు కాపరం చేశాను. ఆవిడ హఠాత్తుగా ఏదైనా అడిగితే, గబగబా మాట్లాడిన కొట్టువాళ్ళు ఇరుక్కునేవాళ్ళు, ఊరుకున్నవాళ్ళు బయటపడేవాళ్ళు. నేను ఊరుకున్నాను.

"చీటీ పెట్టినప్పుడే అనుకున్నాను, పరీక్ష పెడుతున్నావని," అంది వదిన. "అంత సన్నగా రాస్తే ఏ కళ్ళకి కనిపిస్తుంది? దాని మీద ఏం రాశావో ఇప్పటికీ తెలీదు నాకు."

అప్పుడు తెలిసింది నాకు. చీటీ కుర్చీ కాలికింద ఎందుకు పోయిందో, కాటా ముల్లుని వేళ్ళతో ఎందుకు తడిమిందో, కూరలకి తను వెళ్ళడం మానేసి నన్నే పంపడం ఎందుకు మొదలుపెట్టిందో, సిమెంటు దొంగలు ఎలా దొరికారో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్న మనిషికి కనిపించడం లేదని ఎవరు అనుకుంటారు?

"చాలా రోజులైంది వదినా తెలిసి," అన్నాను. అబద్ధం. ఈ సంగతి ఇప్పటికీ ఆవిడకి చెప్పలేదు.

"ఏమీ అనకుండా కడుపులో పెట్టుకున్నావన్నమాట."

"ఏమంటాం."

"పెద్దక్షరాలు కనిపిస్తాయే," అంది వదిన. గోడ వైపు కాదు, నా వైపు చూసే అంది. "హెడ్డింగు తెలుస్తుంది. కిందకి వచ్చేసరికి చీమలు పాకినట్టు ఉంటుంది. రెండేళ్ళ పైనే అయింది. నువ్వు కళ్ళింత చేసుకుని వింటుంటే, హెడ్డింగు చదివి ఊరుకోబుద్ధి కాలేదు."

"మరి అంతకు ముందు చదివినవి?"

"అవన్నీ నిజమే. దొరకని దొంగల్ని వదిలేసి చదివేదాన్ని, అంతే."

"చిన్నొదినకి తెలుసా?"

"దానికెందుకు చెప్తాను? వాళ్ళింట్లో పేపరు వేయించుకోరు. అందుకే అక్కడికి వెళ్తానన్నాను."

నేను కూడా నా కుర్చీలో కూర్చున్నాను. ఇద్దరి మధ్యా ఖాళీ కిటికీ గట్టు ఉంది. కింద బొత్తాల తాత షట్టరు తీస్తున్న చప్పుడు వినిపించింది.

"కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే..." అన్నాను.

"ఆ మాట ఎత్తావంటే నిజంగానే కారెక్కుతా."

ఎత్తలేదు. అంటే ఆ రోజు ఎత్తలేదు.

వదిన మళ్ళీ కార్డు ఎత్తి చూసింది. "నువ్వు చదువుతావా ఇలాగ? రోజూ?"

"నెమ్మదిగా చదువుతాను వదినా. మధ్యాహ్నం అయిపోతుందేమో."

"అయితే అయింది, నాకేం ఆఫీసుందా? కానీ ఒకటి. ఉన్నది ఉన్నట్టు చదవాలి. సొంత కవిత్వం కలపకూడదు."

"సరే."

"బఠాణీలు నేను ఒలుస్తాను. దానికి కళ్ళక్కర్లేదు." కార్డుని మళ్ళీ దూరంగా పట్టుకుని, "ఈ అక్షరాలు బావున్నాయి," అంది. "ఇంత లావుగా ఉంటే మనిషి చదువుకోవచ్చు. చీటీలు రాస్తే ఇలా రాయి."

ఆవిడ నోట 'బావుంది' అన్న మాట నేను అప్పటిదాకా విని ఎరగను. కొట్టువాళ్ళు కూడా విని ఉండరు. ఏం చెయ్యాలో తెలియక లేచి వెళ్ళి రొట్టె కాల్చుకున్నాను.

ఇక చెల్లెలికి చెప్పాలి, కారు పంపొద్దని. ఇది అంత తేలిక పని కాదు. ఎందుకు రావడం లేదో చెప్పాలంటే కళ్ళ సంగతి చెప్పాలి, కళ్ళ సంగతి చెబితే వాళ్ళబ్బాయి ఈవిణ్ణి నేరుగా ఆస్పత్రికే తీసుకెళ్ళి దింపుతాడు. వదిన ఫోను చేతిలో పెట్టుకుని ఆలోచించింది. తర్వాత నంబరు నొక్కింది.

"చెల్లాయ్, రేపు కారొద్దు. రాలేను... నా మోకాళ్ళకేం, బానే ఉన్నాయి. ఇదిగో, ఇదే. మరదలు. ఒకటే ఏడుపు. ఒక్కతే ఉండలేదట... అవును, పొద్దస్తమానం. తిండి కూడా మానేసింది."

నేను రొట్టె తింటున్నాను. నమలడం ఆపాను, చప్పుడు వినబడుతుందని.

"కార్డు చేసిచ్చింది పాపం, చేతులు కోసుకుని... అవును, ఈ వయసులో. అచ్చు వేయించింది. ఏం చెయ్యమంటావు, వదిలేసి రానా? ... నమ్మకపోతే దాన్నే అడుగు." వదిన ఫోను నా వైపు చాచి, ఏడుపు ముఖం పెట్టమన్నట్టు తన ముఖం పెట్టి చూపించింది.

ఫోను తీసుకున్నాను. రొట్టె ముక్క మింగాను.

"ఏంటమ్మా, అక్క చెప్పేది నిజమేనా?" అంది చిన్నొదిన. "అంత ఏడుస్తున్నావా? నువ్వలా ఏడ్చే మనిషివి కాదే. ఇక్కడికొస్తే దానికి మెట్ల బాధ తప్పుతుంది కదా, పంపించకూడదూ?"

వదిన ఎదురుగా నిలబడి వింటోంది. తూకం చూస్తున్నప్పుడు నిలబడ్డట్టే నిలబడింది, కాస్త ముందుకి వంగి. నాకు దొంగ ఏడుపు రాదు. ఏదో ఒకటి చెప్పాలి. నోటికి వచ్చింది చెప్పాను.

"పంపించను వదినా. ఆవిడ వెళ్ళిపోతే నాకు కుదరదు. ఆయన పోయినప్పుడు ఇల్లు ఖాళీ అయిందని అందరూ అన్నారు గానీ నాకు అలా అనిపించలేదు, ఈవిడ వచ్చేసింది కాబట్టి. ఇప్పుడు ఈవిడ పెట్టెకి తాడు కడుతుంటే అనిపించింది. పొద్దున్నే ఎదురు కుర్చీలో ఎవరూ లేకపోతే నేనేం ఒలుచుకోను, ఎవరికి చెప్పుకోను? మెట్లుంటే నేను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను. మీరు అడక్కండి ఆవిణ్ణి. నాకు కావాలి ఆవిడ."

అవతల చిన్నొదిన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "సర్లేమ్మా, ఏడవకు. ఉంచుకో," అని పెట్టేసింది.

ఫోను వదినకి ఇచ్చాను. ఆవిడ దాన్ని గట్టు మీద పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, చీరకి అంటిన సిరా మరకని గోటితో గీకింది.

"బాగా చెప్పావు," అంది. "కాస్త ఎక్కువైంది గానీ, నమ్మింది."

"ఏదో, నోటికొచ్చింది అనేశాను వదినా," అన్నాను.

"ఊఁ," అంది వదిన. "పెట్టె తాడు విప్పు. నేను చాలా గట్టిగా కట్టాను, నాకు రావడం లేదు."

ముడి నిజంగానే గట్టిగా ఉంది. విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఇట్లు,
చిన్నమ్మలు (రీడింగ్ రూములో అందరూ పిలిచే పేరు)
వయసు: అరవై ఎనిమిది
ఉండేది: బొత్తాల కొట్టు పైన మేడ మీద, మా వదినతో